టోపీ బిళ్ళ చెప్పు సాక్ష్యము

కచేరీ బిళ్ళబంట్రోతును ఎరుగని పల్లె ఒకప్పుడు తెలుగుదేశమున అరుదు. భుజము మీదుగా వ్రేలాడు డవాలు, దానిపై తళతళలాడు ఇత్తడి బిళ్ళ, వీనితో అతడు వీధిలో అడుగుపెట్టగానే అరుగుల మీది పెద్దలు సర్దుకొని కూర్చుండెడివారు. ఆ గౌరవము మనిషికి గాదు, బిళ్ళకు. దాని వెనుక సర్కారున్నదని జనుల నమ్మకము. బిళ్ళ నిజమైనదైనచో మాట చెల్లును; బిళ్ళ దొంగదైనచో మాటయు దొంగదే.

సైనికుని టోపీమీది బిళ్ళయు ఇట్టిదే. అతడు ఏ పటాలమువాడో, ఆ పటాలము ఏ యుద్ధములలో పేరు గడించెనో రెండంగుళముల లోహపు ముక్క చెప్పును. ఇట్టి బిళ్ళలను సేకరించుట ఇంగ్లండులోను, ఇతర దేశములలోను అనేకులకు అభిమానవిద్య యైనది. అరుదైన బిళ్ళకు పెద్ద వెల పలుకుచున్నది. వెల ఉన్నచోట నకిలీ పుట్టుట లోకస్వభావము. కావున బిళ్ళను సేకరించువాడు ముందు దానిని పరీక్షించుట నేర్వవలెను. ఈ పరీక్ష కేవలము బేరసారముల కొరకు కాదు. బిళ్ళ ఒక సాక్షి. సాక్షిని ప్రశ్నింపక నమ్మినచో చరిత్రలో అసత్యము చేరును.

బిళ్ళ పుట్టుక

బ్రిటిష్ సైన్యమున తొలుత పటాలములను వాని కర్నలుల పేరులతో పిలుచుచుండిరి. 1751లో వెలువడిన రాజాజ్ఞ వలన వానికి వరుస సంఖ్యలు స్థిరపడెను. 19వ శతాబ్దమున సైనికులు ధరించిన ఎత్తైన టోపీలకు ముందుభాగమున పెద్ద లోహపు ఫలకము లుండెడివి. 1881లో సైన్యమంత్రి చిల్డర్స్ చేసిన సంస్కరణలతో సంఖ్యలు పోయి, పటాలములకు జిల్లాల పేర్లు వచ్చెను. ఉదాహరణకు 28వ పటాలము, 61వ పటాలము కలిసి గ్లాస్టర్‌షైర్ పటాలమయ్యెను. ఆ శతాబ్దాంతమున మెత్తని చిన్న టోపీలు వాడుకలోనికి రాగా, పెద్ద ఫలకమునకు బదులు నేడు మనము టోపీ బిళ్ళ యనుకొను చిన్న చిహ్నము నిలిచెను.

ఆ చిహ్నములోని ప్రతి గీతకు ఒక కథ కలదు. 1801 మార్చి 21న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వద్ద 28వ పటాలమును ఫ్రెంచివారు ముందు వెనుకల నుండి ఒక్కసారిగా ముట్టడించిరి. వెనుక వరుసవారు నిలిచిన చోటనే వెనుకకు తిరిగి పోరాడిరి. ఆ ధైర్యమునకు గుర్తుగా ఆ పటాలమువారికి టోపీ ముందే గాక వెనుక కూడ ఒక చిన్న బిళ్ళ ధరించు హక్కు కలిగినది. దానిపై ఈజిప్టు దేశపు స్ఫింక్స్ విగ్రహ మున్నది. ఆ చిన్న బిళ్ళ వెనుక ఒక పోరాటమంతయు దాగియున్నది.

మన దేశపు బిళ్ళలు

తూర్పు ఇండియా కంపెనీవారి మద్రాసు సైన్యములో తెలుగువారు విశేషముగా చేరిరి. ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ అను పేరు వాడుకలో నుండుటయే ఇందుకు నిదర్శనము. 1803 సెప్టెంబరు 23న నేటి మహారాష్ట్రములోని అస్సాయే గ్రామము వద్ద ఆర్థర్ వెల్లెస్లీ మరాఠా సైన్యముతో జరిపిన యుద్ధమున మద్రాసు పటాలములు పాల్గొనెను. అస్సాయే ఏనుగు ఆ యుద్ధమునకు లభించిన గౌరవచిహ్నము. 1920 తరువాతి దశాబ్దమున మద్రాసు పటాలములు రద్దు కాగా, రెండవ ప్రపంచయుద్ధ కాలమున మద్రాసు పటాలము మరల ఏర్పడెను. నేటి మద్రాసు రెజిమెంటు బిళ్ళపై డాలు, కత్తులతో కూడి నిలిచియున్నది ఆ అస్సాయే ఏనుగే.

హైదరాబాదునకు సంబంధించిన కథ ఇంకను వింతయైనది. 1811 నుండి 1820 వరకు అచ్చట బ్రిటిష్ రెసిడెంటుగా నుండిన హెన్రీ రస్సెల్, 1813లో నిజాము సేవకై ఒక దళమును కూర్చెను. ‘రస్సెల్ బ్రిగేడు’ అని దానికి పేరు. అదియే క్రమముగా హైదరాబాదు కంటింజెంటులో కలిసెను. 1922 నాటి సైనిక సంస్కరణలో 19వ హైదరాబాదు రెజిమెంటను పేరు వచ్చెను. 1945 అక్టోబరు 27న ఆ పేరు కుమావూ రెజిమెంటుగా మారెను. నేడు దాని కేంద్రము హిమాలయ ప్రాంతములోని రాణీఖేత్. అందు కుమావూ ప్రాంతీయులు, అహీరులు ప్రధానముగా నున్నారు. పేరు నుండి హైదరాబాదు తొలగిపోయినది. కాని బిళ్ళపై శిలువను పట్టుకొని లేచి నిలిచిన అర్ధసింహము మాత్రము రస్సెల్ కుటుంబపు చిహ్నము నుండి వచ్చినదే. మూసీతీరమున పుట్టిన దళపు జాడ హిమాలయపు చలిలో ఒక టోపీమీద మిగిలియున్నది.

1950 జనవరి 26న భారతదేశము గణతంత్రమైనపుడు సైనిక చిహ్నములలో కిరీటము తొలగి అశోకుని సింహములు వచ్చెను. కిరీటముతో ఉన్న భారతసైన్యపు బిళ్ళ ఆ దినమునకు పూర్వపు నమూనా. అశోకసింహములు గలది ఆ తరువాతిది. ఒక దేశము స్వతంత్రమైన కథ ఆ రెండు బిళ్ళలను ప్రక్కప్రక్కన నుంచినచో కన్నులకు కట్టును.

నకిలీ ఎట్లు పుట్టినది?

ప్రపంచయుద్ధముల కాలమున సైనికులే ఇతర పటాలముల బిళ్ళలు సంపాదించి తమ నడికట్లకు తగిలించుకొనెడివారు; బాలురు వానిని చూచి సేకరింప మొదలిడిరి. 1957లో బ్రిటిష్ ప్రభుత్వము సైన్యమును తగ్గింపనెంచి అనేక పటాలములను కలిపివేసెను. పాత పటాలము పోయినచో దాని బిళ్ళయు పోవును, పోయినదానికే గిరాకి. మూలపడియున్న పాత ఉక్కు అచ్చులు వెలికి వచ్చి, వానితో కొత్త రేకులపై మరల బిళ్ళలు కొట్టబడినవి. అచ్చు నిజమైనదే, లోహమును నిజమైనదే, కాని ఏ సైనికుడును దానిని ధరింపలేదు. దానిని ‘పునర్ముద్ర’ అని చెప్పి అమ్మినచో దోషము లేదు. యుద్ధకాలపు బిళ్ళ యని అమ్మినచో అది మోసము.

ఇంతకన్న నీచమైనది కరుణను పెట్టుబడిగా చేసికొను మోసము. 1914లో ఇంగ్లండులోని లీడ్స్ నగరపు యువకులు ఒక్కచోట చేరి ‘లీడ్స్ పాల్స్’, అనగా లీడ్స్ నేస్తములు, అను పేర ఒక బెటాలియనుగా ఏర్పడిరి. ఒకే వీధివారు, ఒకే కచేరీలో పనిచేయువారు కలిసి చేరిరి. వారి బిళ్ళపై తమ నగరపు చిహ్నమైన గుడ్లగూబలు గలవు. 1916 జులై 1న సోమ్ యుద్ధపు మొదటి దినమున సేర్ గ్రామము ఎదుట వారిలో అనేకులు కూలిరి. ఆ ఒక్క దినమున బ్రిటిష్ సైన్యమున 19,240 మంది మరణించిరి. గాయపడినవారితోను, కనబడకపోయినవారితోను కలిపి నష్టము 57,470. ఆ బిళ్ళ అరుదగుటకు, దాని వెల పెరుగుటకు ఆ దుఃఖమే కారణము. కనుకనే దానికి నకిలీలును మెండు. మృతుని పేర దొంగవీలునామా వ్రాయుటకును దీనికిని భేద మేమున్నది?

మొదటి పరీక్ష: కాలము

దస్తావేజులు ఎరిగిన పల్లెవారికి ఈ పరీక్షను వేరుగా నేర్పవలసిన పనిలేదు. పత్రముపై వ్రాసిన తేదీ స్టాంపు కాగితము అచ్చైన సంవత్సరమునకు ముందుదైనచో, సాక్షులెందరున్నను ఆ పత్రము దొంగదే. బిళ్ళకును ఇదియే న్యాయము.

వెల్ష్ రెజిమెంటు తన పేరును ఇంగ్లీషులో వ్రాయునపుడు 1920లో ఎస్ అక్షరమునకు బదులు సి అక్షరమును అధికారికముగా స్వీకరించెను. సి అక్షరము గల బిళ్ళను చూపి ‘ఇది 1916లో మరణించిన సైనికుని టోపీమీదిది’ అని ఎవరైన చెప్పినచో, ఆ ఒక్క అక్షరమే అతనికి ఎదురుసాక్ష్యము. అట్లే ‘19వ హైదరాబాదు రెజిమెంటు’ అను పేరు గల బిళ్ళ మొదటి ప్రపంచయుద్ధపుది కానేరదు. ఆ పేరు పుట్టినదే 1922లో.

కిరీటపు ఆకారమును చూడవలెను. విక్టోరియా రాణి కాలపు కిరీటము ఒక విధము. 1901 తరువాత వచ్చిన రాజుల కాలమున టూడర్ కిరీటము. దాని కమానులు గోపురము వలె గుండ్రముగా లేచియుండును. 1952లో రెండవ ఎలిజబెత్ రాణియైన పిమ్మట వచ్చిన కిరీటమున కమానులు నడుమ క్రుంగియుండును. అయితే పాలకుడు మారిన మరునాడే పాత బిళ్ళలన్నియు మాయము కావు. నిలువ ఉన్నవి తీరువరకు వాడుదురు. కనుక కిరీటము ‘ఇంతకు ముందుది కాదు’ అని గట్టిగా చెప్పును గాని ‘ఇంతకు తరువాత ఎవరును ధరింపలేదు’ అని చెప్పజాలదు. అదియుగాక, 2022లో మూడవ చార్లెస్ రాజైన తరువాత టూడర్ కిరీటము మరల వాడుకలోనికి వచ్చినది. గుండ్రని కిరీటము చూచినంతనే పాతదని తలచుట పొరపాటు.

రెండవ పరీక్ష: పనితనము

సాధారణ సైనికుని బిళ్ళ పోత పోసినది కాదు, అచ్చు కొట్టినది. క్రింద ఉక్కు అచ్చు, పైన దానికి సరిపోవు ఎదురచ్చు, నడుమ పలుచని లోహపు రేకు. బరువైన సుత్తి దెబ్బతో రేకు ఆకారము దాల్చును. ముందు ఎత్తైన చోట వెనుక గుంట యుండును; గీతలు వాడిగా నుండును. పిమ్మట అంచులను, నడుమ ఖాళీలను కత్తిరింపు పనిముట్టుతో తొలగించెడివారు.

నకిలీ చేయువాడు సాధారణముగా అసలు బిళ్ళను మట్టిలో అద్ది, ఆ మూసలో లోహము పోయును. అట్టి బిళ్ళ వెనుకభాగము చదునుగానో మొద్దుగానో యుండును. ఉపరితలమున సూదిమొనలంత గుంటలు కనబడును. సింహపు జూలు, ఏనుగు దంతము మొద్దుబారియుండును. కావున అనుభవజ్ఞులు మొదట చూచునది ముఖము గాదు, వీపు.

అసలు అచ్చుతో కొట్టిన పునర్ముద్రలను పట్టుట మరింత కష్టము. అచ్చు అరిగినందున గీతల వాడి తగ్గును; అచ్చు త్రుప్పు పట్టినచో బిళ్ళపై చిన్న పొక్కులు లేచును. ఉక్కు అచ్చు దొరికినను కత్తిరింపు పనిముట్టు దొరకనిచో, తెరచియుండవలసిన ఖాళీలు మూసికొనియే యుండును. వెనుక టోపీకి తగిలించుటకు అతికిన నాలుక వంటి కమ్మి గాని, చిన్న చెవులు గాని కొత్త లోహముతో కొత్త టంకముతో నుండును. ముఖము నూరేండ్లదిగను, వీపు నిన్నటిదిగను కనబడినచో సందేహింపవలెను.

తయారీదారుని పేరు మాత్రమే చూచి మోసపోరాదు. బర్మింగుహాములోని గాంట్ వంటి ప్రసిద్ధ సంస్థల పేరులను నకిలీలపై చెక్కుటకు పెద్ద శ్రమ లేదు. వెండి బిళ్ళలు ధరించిన అధికారుల విషయమున మాత్రము మరియొక ఆధారము కలదు. బర్మింగుహాము పరీక్షాలయము 1773 నుండి తాను పరీక్షించిన వెండిపై లంగరు ముద్ర వేయుచున్నది. దాని ప్రక్కన సంవత్సరమును తెలుపు అక్షర ముండును. ఆ అక్షరపు సంవత్సరమును, పటాలపు పేరును, కిరీటమును కలిపి చూడవలెను. మూడును ఒక్కమాట చెప్పినచో విశ్వాసము బలపడును.

మూడవ పరీక్ష: లోహము, అరుగుదల

సాధారణ బిళ్ళలు రాగి పాలు హెచ్చుగా గల ఇత్తడితోను, జర్మన్ సిల్వరుతోను, లేక రెంటిని అతికియు చేసిరి. 1916లో యుద్ధపు ఒత్తిడి వలన రెండు లోహముల బిళ్ళలను అనేకములు కేవలము ఇత్తడితోనే చేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున లోహము కొరతపడగా ప్లాస్టిక్కుతో కూడ బిళ్ళలు పోసిరి. తెలియనివాడు ఆ ప్లాస్టిక్కు బిళ్ళను ఆటవస్తువని పారవేయును. తెలిసినవాడు అందు ఒక దేశము గుండుసూది మొదలు గుండు వరకు లోహమును పొదుపు చేసిన దినములను చూచును.

సైనికుడు తన బిళ్ళను ప్రతిదినము తోమును. కనుక ఎత్తైన భాగములు మెల్లగా నునుపెక్కును. పల్లములలో నలుపు నిలుచును. వెనుక కమ్మి టోపీ గుడ్డతో రాచుకొని మెరయును. నకిలీదారుడు ఆమ్లముతో ఒక్క రాత్రిలో ముసలితనము తెప్పించును. ఆ నలుపు ఎత్తుపల్లములు చూడక అంతటను సమముగా వ్యాపించును. కాలము వస్తువును అరగదీయునపుడు ఒక క్రమమున్నది; మోసగానికి అంత ఓపిక లేదు.

నియమమునకు మినహాయింపు

ఇన్ని చెప్పిన తరువాత ఒక హెచ్చరిక అవసరము. పోతబిళ్ళ లన్నియు నకిలీలని తీర్పు చెప్పరాదు. దూరదేశములలో నున్న పటాలములకు ఇంగ్లండు నుండి బిళ్ళలు చేరనపుడు స్థానికులైన పనివారే చేసియిచ్చిరి. మన దేశపు కంటోన్మెంటు బజారులలోని కంచరివారు ఇసుక మూసలలో పోసిన బిళ్ళలను బ్రిటిష్ సైనికులు నిజముగానే ధరించిరి. 1941లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఎస్.ఏ.ఎస్. అను ప్రత్యేకదళపు తొలి గుడ్డబిళ్ళలు కైరో నగరపు దర్జీలు కుట్టినవి. వాని కుట్టు ఒకటి వలె మరియొకటి యుండదు. కాని ఆ దళపు కీర్తి వలన నకిలీ చేయబడిన చిహ్నములలో దానిదే పెద్దపీట. ప్రతి మోసగాడును ‘ఇది బజారుపని’ అనియే చెప్పును.

అప్పుడు నిర్ణయ మెట్లు? వస్తువు మౌనము వహించినచోట కాగితము మాటలాడవలెను. ఆ బిళ్ళ ఎవని ఇంటినుండి వచ్చినది? అతని డిశ్చార్జి పత్రము కలదా? టోపీతో తీసిన ఛాయాపటము కలదా? మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇచ్చిన బ్రిటిష్ యుద్ధపతకము అంచున సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కియుండును. అవి బిళ్ళతో సరిపోవుచున్నవా? బ్రిటిష్ సైన్యము బట్టలు, బిళ్ళలు చేయించునపుడు ఆమోదించిన మాదిరికి లక్కముద్ర వేసి దాచి, సరకును దానితో సరిచూచెడిది. ఆ మాదిరులను, అధికార పత్రములను శోధించి ఆర్థర్ కిప్లింగ్, హ్యూ కింగ్ అను ఇద్దరు బ్రిటిష్ సైన్యపు శిరోభూషణ చిహ్నములపై రెండు సంపుటముల గ్రంథము రచించిరి. మొదటిది 1973లో వెలువడెను. సేకరించువారు నేటికిని బిళ్ళను చేతబట్టి దానిని తిరగవేయుదురు.

పల్లెకు దీనితో పనియేమి?

దూరదేశపు బిళ్ళలతో మన పల్లెకు పనియేమని కొంద రడుగవచ్చును. తాడేపల్లిగూడెము సమీపమున గల మాధవరము తరతరములుగా సైన్యమునకు బిడ్డలను పంపి ‘మిలిటరీ మాధవరము’ అని పేరొందినది. ఆ పేరు లేని ఊళ్ళలో సైతము ఏదో ఒక ఇంట తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఒక బిళ్ళ, ఒక పతకము, మడతలు చిరిగిన ఒక కాగితము ఉండకపోదు. మనుమలు వానిని చూచి చేయు మొదటిపని చింతపండుతో తోముట. ఆ తోముటతో దేవుని పాత్ర మెరయును గాని చరిత్ర చెరిగిపోవును. రెండవపని బిళ్ళను ఒకరికి, పతకమును మరియొకరికి పంచుట. విడివిడిగా నున్న బిళ్ళ కేవలము ఇత్తడి. పతకముతోను కాగితముతోను కలిసియున్న బిళ్ళ ఒక మనిషి.

కావున చేయవలసినది స్వల్పము. బిళ్ళను తోమరాదు, పొడిగుడ్డలో చుట్టి యుంచవలెను. అది ఎవరిది, వారు ఏ సంవత్సరమున ఏ దళమున చేరిరి, ఎవరి ద్వారా వచ్చినది అను సంగతులను పెద్దలు బ్రతికి యుండగనే అడిగి వ్రాసి దానితోడనే దాచవలెను. తెలిసినది తెలిసినట్లు, విన్నది విన్నట్లు, ఊహించినది ఊహ యని వేరుచేసి వ్రాయవలెను. ఆ వ్రాతకు ఒక ప్రతి గ్రామ గ్రంథాలయమున నుంచినచో అది ఇంటి ఆస్తియే గాక ఊరి ఆస్తియగును.

1917లో స్థాపితమైన యుద్ధసమాధుల సంఘమువారు మరణించిన బ్రిటిష్ సైనికుని శిలపై అతని పేరుతోపాటు పటాలపు బిళ్ళ రూపమును చెక్కించిరి. గుర్తుపట్టరాని దేహము దొరికినచోట, పేరు తెలియకున్నను, పటాలము తెలిసినచో ఆ బిళ్ళను మాత్రమే చెక్కిరి. అట్టి శిలలక్రింద పడియున్నవారికి లోకమున మిగిలిన పరిచయము అదొక్కటే. అంతటి భారమును మోయు చిహ్నమును గూర్చి అసత్యము చెప్పుట స్వల్పదోషము కాదు. దానిని ఓపికతో పరీక్షించి నిజమును నిలుపుట స్వల్పసేవయు కాదు.